పాతిక థౌల సందు

అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌లో నిప్పు పుట్టే చోటు వెడల్పు 0.64 మిల్లీమీటర్లు. పాత హ్యాండ్‌బుక్కు భాషలో చెబితే అంగుళంలో వెయ్యింట 25 వంతులు. అంగుళంలో వెయ్యో వంతును షెడ్డుల్లో 'థౌ' అంటారు కాబట్టి మేస్త్రీల లెక్కలో అది పాతిక థౌ. టన్నుకు పైగా బరువున్న బండి, డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురైదుగురు, డిక్కీ నిండా పెళ్లి సామాను, ఇదంతా కదిలేది అలాంటి నాలుగు సందుల్లో దూకే నిప్పురవ్వల వల్ల. ఆ సందును మోసే వస్తువు స్పార్క్ ప్లగ్గు.

బండి మొరాయిస్తే అందరూ ముందు అనుమానించేది దాన్నే. తీసి అవతల పారేసి, కొత్తవి నాలుగు బిగించి, "ఇప్పుడు చూడండి సార్" అంటారు. ఓ రెండు వారాలు బండి బాగానే పరుగెడుతుంది. తర్వాత మళ్లీ అదే మిస్సింగు. ఎందుకంటే చాలాసార్లు ప్లగ్గు నేరస్థుడు కాదు, సాక్షి. ఇంజన్ విప్పకుండా దాని కడుపులో ఏం జరుగుతోందో బయటికి తెచ్చి చూపించే వస్తువు దాదాపు అదొక్కటే. పాత కారున్నవాళ్లు ప్లగ్గులు మార్చడం కాస్త తగ్గించి, వాటిని చూడటం ఎక్కువ చెయ్యాలన్నది ఈ వ్యాసకర్త పట్టుదల.

ముందు ఒక హెచ్చరిక. అంబాసిడర్లన్నీ ఒకటి కావు. ఇక్కడ మాట్లాడుకునేది 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజన్ గురించి. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాంటి కార్లలో నడిచి, మన దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో దశాబ్దాలపాటు తయారైన ఇంజన్ అది. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ మొదట ఇదే 1489 సీసీ ఇంజన్ ఉండేదంటే మన సర్కారీ బండి ఎరిగినవాళ్లకు నమ్మబుద్ధి కాదు. 1990లలో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజన్ సంగతి వేరు. ఇక మన జిల్లాల్లో మిగిలిన అంబాసిడర్లలో చాలావాటికి ఉన్నది డీజిల్ ఇంజన్. దానికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు. అందులో గాలిని గట్టిగా నొక్కడంవల్ల పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. దాంట్లో కనిపించేవి హీటర్ ప్లగ్గులు, వాటి పని స్టార్టింగుకు ముందు వేడిచెయ్యడం వరకే.

ఇంతకీ ఆ రవ్వ ఎలా పుడుతుంది?

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. అది ఆ సందు దాటలేదు. గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమం విద్యుత్తును పోనివ్వదు, పైగా పిస్టన్ దాన్ని నొక్కేకొద్దీ ఇంకా మొండికేస్తుంది. అందుకే మధ్యలో ఇగ్నిషన్ కాయిల్ పెట్టారు. అందులో ఒకే ఇనుప కడ్డీ మీద రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగ, కొన్ని వందల చుట్లు. రెండోది వెంట్రుకలాంటి సన్న తీగ, వేల చుట్లు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ లావు తీగలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిలబడుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణాన ఆ క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ కూలడంలోనే సన్న తీగలో వేల వోల్టులు పుడతాయి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ పద్ధతి 1912 కాడిలాక్‌లో వచ్చింది. అంతకు ముందు 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజీ మాగ్నెటోనూ దానికి తగిన ప్లగ్గునూ తయారుచేశాడు. ఇంకా వెనక్కి వెళితే 1860లో ఎతియెన్ లెన్వార్ గ్యాసు ఇంజన్‌లోనే విద్యుత్ రవ్వ కనిపిస్తుంది. అంటే ప్లగ్గు వయసు మోటారు కారు వయసు కంటే ఎక్కువ.

వోల్టేజీ పెరుగుతూ పోతే ఒక దశలో మిశ్రమంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడతాయి. ఊడినవి దూసుకెళ్లి ఇంకొన్నిటిని ఊడగొడతాయి. క్షణంలో ఆ సందులో కరెంటు పారే సన్నని దారి తయారవుతుంది. ఆ దారే మన కంటికి నీలిరవ్వ. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రవ్వ ఎంత వోల్టేజీ దగ్గర దూకాలో నిర్ణయించేది కాయిల్ కాదు, సందు. సందు వెడల్పు, లోపలి ఒత్తిడి, ఎలక్ట్రోడు అంచుల పదును, ఇవన్నీ కలిసి ఎనిమిది వేలు అడిగితే ఎనిమిది వేల దగ్గరే దూకుతుంది. నలభై వేల వోల్టుల కాయిల్ కొని బిగించినా, ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు దగ్గర ఆ నలభై వేలు ఎప్పటికీ కనిపించవు. సందు అరిగి పెద్దదై, అంచులు గుండ్రబడితేనే ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడు పాత కాయిల్ దాన్ని అందించలేక చేతులెత్తేస్తుంది. ముఖ్యంగా ఎక్కుడు రోడ్డు మీద యాక్సిలరేటర్ నిండా తొక్కినప్పుడు సిలిండరులో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి మిస్సింగు అక్కడే బయటపడుతుంది. సమతలం మీద బాగానే ఉన్న బండి ఘాట్ రోడ్డులో ఎందుకు దగ్గుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో రెండు చుట్లకొకసారి ప్రతి ప్లగ్గూ వెలగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు, గంటకు 90,000 సార్లు వెలుగుతుంది. ప్రతిసారీ రెండు వేల డిగ్రీలు దాటిన మంట దాని ముక్కును తాకుతుంది, ఆ వెంటనే చల్లటి తాజా మిశ్రమం వచ్చి తడుపుతుంది. ఇంత తాపాన్నీ, ఇన్ని వేల వోల్టులనూ ఒకేసారి తట్టుకునే పదార్థం దొరకడమే ప్లగ్గు చరిత్రలో పెద్ద సమస్య. మొదట పింగాణీ వాడారు, పగిలేది. అభ్రకం పొరలు చుట్టి కొన్నాళ్లు నడిపారు, మన గూడూరు గనుల్లో దొరికే ఖనిజమే అది. చివరికి నిలిచింది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడును కాల్చి గట్టిపరచిన తెల్లని సెరామిక్. ప్లగ్గు పైభాగంలో కనిపించే గాడులు అందానికి కావు. కరెంటు అడ్డదారిన సెరామిక్ ఉపరితలం మీదుగా ఇనుప ఒంటికి పారిపోకుండా దాని దారిని పొడుగు చెయ్యడానికి. వానాకాలంలో ఆ గాడుల మీద దుమ్మూ నూనే తడీ పేరుకుంటే గాడులున్నా లేనట్టే. ఓ పొడిగుడ్డతో తుడిస్తే పోయే రోగానికి ప్లగ్గులు మార్చినవాళ్లు ఎందరో.

ఇక ఎంపిక. షాపులో "అంబాసిడర్ ప్లగ్గు ఇవ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. మనం చూడాల్సినవి మర వ్యాసం, మర పొడవు, వేడి సంఖ్య. మొదటిది సులువు, ఈ తరం ఇంజన్లలో దాదాపు అన్నీ 14 మిల్లీమీటర్లే. రెండోది దగ్గర జాగ్రత్త. బీ-సిరీస్ హెడ్డుకు కావాల్సింది ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్ల మర. అదే వ్యాసంలో అరంగుళం మర ఉన్న ప్లగ్గులూ షాపులో పక్కపక్కనే ఉంటాయి, అవీ హాయిగా బిగుసుకుంటాయి. కానీ రవ్వ రావాల్సిన చోట రాక, హెడ్డులోని బొరియలో ఎక్కడో మూలన వస్తుంది. మిగిలిన మరలో మసి గట్టిపడి, తర్వాత సరైన ప్లగ్గు బిగించబోతే ఎక్కదు. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ఖరీదైనది. పొట్టి మర కావాల్సిన హెడ్డులో పొడుగుది పెడితే కొస లోపలికి పొడుచుకొచ్చి, అదృష్టం బాగుంటే ఎర్రగా కాలుతుంది, బాగోకపోతే పిస్టన్‌కు తగులుతుంది. ప్రీమియర్ పద్మినీ ఉన్నవాళ్లు అంబాసిడర్ నంబరు నమ్ముకోకుండా తమ హెడ్డు మర లోతు కొలిచి, దానికి సరిపడేదే కొనాలి.

అసలు తిరకాసు వేడి సంఖ్య దగ్గర. 'హాట్ ప్లగ్గు', 'కోల్డ్ ప్లగ్గు' అనే మాటలు విని, హాట్ ప్లగ్గు వేస్తే రవ్వ వేడిగా వస్తుందనుకునేవాళ్లు మేస్త్రీల్లోనూ ఉన్నారు. రవ్వకూ ఈ మాటకూ ఏ సంబంధమూ లేదు. సంబంధమంతా సెరామిక్ ముక్కు తనకు తగిలిన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్న దానితో. ముక్కు పొడుగైతే వేడి ఇనుప ఒంటిలోకీ, అక్కణ్నించి హెడ్డులోకీ, నీళ్ల జాకెట్‌లోకీ చేరడానికి దూరం ఎక్కువ. కాబట్టి ముక్కు వేడిగా ఉండిపోతుంది. అది హాట్ ప్లగ్గు. పొట్టి ముక్కుది కోల్డ్ ప్లగ్గు.

ఎందుకీ గొడవంటే, ముక్కు ఉష్ణోగ్రతకు రెండు హద్దులున్నాయి. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ కింద ఉంటే దాని మీద వాలిన మసి కాలిపోదు. మసి కార్బన్ కాబట్టి విద్యుత్తును పోనిస్తుంది. కొన్నాళ్లకు కరెంటు సందు దాటకుండా మసి మీదుగా దొంగదారిన ఒంటిలోకి జారుతుంది. షెడ్డు భాషలో ప్లగ్గు షార్టయింది. అదే 850 డిగ్రీలు దాటితే ముక్కు నిప్పుకణికై, రవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుగా పేలుడు. ఇది సాగితే పిస్టన్ తలకు బొక్క పడుతుంది. మసి కాలిపోయేంత వేడి ఉండాలి, తానే నిప్పంటించేంత ఉండకూడదు. ప్లగ్గు ఎంపిక అంటే ఈ నాలుగు వందల డిగ్రీల మధ్య దాన్ని నిలబెట్టడం.

ఇప్పుడు తమాషా చూడండి. జపాన్ ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్ ఇప్పటి లెక్కలోనూ, ఛాంపియన్ లెక్కలోనూ అంకె పెరిగేకొద్దీ వేడిది. సరిగ్గా ఎదురు. బాష్ పాత లెక్క ఇంకో రకం, అందులో డబ్ల్యూ175 అన్నదే తర్వాతి లెక్కలో డబ్ల్యూ7 అయింది, డబ్ల్యూ225 అన్నది డబ్ల్యూ5 అయింది. అంటే పాతదానిలో పెద్ద అంకె చల్లనిది, కొత్తదానిలో పెద్ద అంకె వేడిది. బెంగళూరులో 1951లో మొదలైన మైకో మన దేశంలో తరాల తరబడి ప్లగ్గులు అమ్మి, 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. తాత పెట్టెలో దొరికిన మైకో ప్లగ్గు నంబరు చూసి నేటి నంబరుతో పోల్చబోతే తల తిరగడం ఖాయం. కంపెనీ మార్చినప్పుడు అంకె చూసి అంచనా వేయకండి, సరిపోల్చే పట్టిక చూడండి.

నంబరు చదవడం నేర్చుకుంటే సగం బెంగ తీరుతుంది. ఎన్‌జీకే బీపీ6ఈఎస్ తీసుకోండి. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. పీ అంటే ముక్కు ఒంటి అంచు దాటి ముందుకు పొడుచుకు ఉంటుందని. 6 వేడి సంఖ్య. ఈ అంటే 19 మిల్లీమీటర్ల పొడవు, దాని స్థానంలో హెచ్ ఉంటే పొట్టి మర, 12.7 మిల్లీమీటర్లు. ఎస్ అంటే రాగి గర్భం ఉన్న మామూలు ఎలక్ట్రోడు. పీ తర్వాత ఆర్ కనిపిస్తే లోపల సుమారు 5,000 ఓమ్‌ల రెసిస్టర్ ఉందని అర్థం. అది కారు రేడియోలో గరగర తగ్గించడానికి. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్నవాళ్లకు ఆ ఆర్ అవసరం, లేకపోతే ఆ ఇగ్నిషన్ పెట్టె అయోమయంలో పడొచ్చు. బీ-సిరీస్ కుటుంబంలోని తర్వాతి ఇంజన్లకు బీపీ6ఈఎస్, ఛాంపియన్ ఎన్9వై లోకమంతా వాడుతున్నవే. ముక్కు పొడుచుకు ఉండటంలో ఒక సుగుణం ఉంది. బండి మెల్లగా నడిచేటప్పుడు మంట వేడికి త్వరగా వేడెక్కి మసి కాల్చుకుంటుంది, వేగంగా పోయేటప్పుడు లోపలికి దూసుకొచ్చే తాజా మిశ్రమం దాన్ని చల్లబరుస్తుంది. ఆదివారం గుడి దాకా, నెలకోసారి హైవే మీదికి వెళ్లే పాత కారుకు ఇంతకంటే సరిపోయేది లేదు.

ఇరీడియం ప్లగ్గుల గురించి అడగనివాళ్లు ఉండరు. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరిగితే ఇరీడియం 2,446 దాకా ఆగుతుంది. అందుకే ఎలక్ట్రోడును అర మిల్లీమీటరు సన్నగా చెయ్యొచ్చు. సన్నని కొస దగ్గర విద్యుత్ క్షేత్రం పోగుపడుతుంది కాబట్టి తక్కువ వోల్టేజీకే రవ్వ దూకుతుంది. సైన్సు నిజమే. కానీ దాని అసలు లాభం లక్ష కిలోమీటర్లు అరగకుండా ఉండటం. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే, రింగులు అరిగి కాస్త నూనె తాగే అంబాసిడర్‌కి అది వృథా. నూనె మసికి ఇరీడియమైనా నికెలైనా ఒకటే, రెండూ చస్తాయి. పైగా ఆ సన్న కొస శుభ్రం చెయ్యబోతే విరుగుతుంది. నికెల్ ప్లగ్గులే కొనండి, మిగిలిన డబ్బుతో మంచి హెచ్‌టీ లీడ్లూ (ప్లగ్గులకు కరెంటు తెచ్చే తీగలు), డిస్ట్రిబ్యూటర్ క్యాపూ కొనండి.

కొనేటప్పుడు నకిలీల భయం నిజమైనదే. పెట్టె మీద అక్షరాలు అలికినట్టుండటం, సెరామిక్ మీది నంబరు గోటికి రాలిపోవడం, మధ్య ఎలక్ట్రోడు పక్కకు ఒరిగి ఉండటం, వాషర్ చేతిలో జారి పడిపోవడం, ఇవి కనిపిస్తే ధర ఎంత చవకైనా వదిలెయ్యండి.

ఇప్పుడు ప్లగ్గులను చదవడం. పొద్దున స్టార్ట్ చేసి, వాకిట్లో రెండు నిమిషాలు ఉంచి, ఆపి తీస్తే నాలుగూ నల్లగానే ఉంటాయి. అది చోక్ మసి, దాంట్లో విశేషమేమీ లేదు. హైవే మీద పది పదిహేను కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపి, ఆ వేగంలోనే క్లచ్ తొక్కి ఇగ్నిషన్ ఆపేసి, పక్కకు తీసి నిలపాలి. ఇంజన్‌ను ఖాళీగా తిరగనివ్వకూడదు. చల్లారాక తీయాలి. పద్మినీది అల్యూమినియం హెడ్డు, వేడిమీద ప్లగ్గు తిప్పితే మర ఊడి వచ్చే ప్రమాదం ఉంది. లీడు తీసేటప్పుడు క్యాపు పట్టుకుని లాగాలి, తీగ పట్టుకుని కాదు. ప్లగ్గు పూర్తిగా విప్పకముందే దాని చుట్టూ గుంటలోని దుమ్మును ఊదెయ్యాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండరులోకి పోతుంది. తీసినవాటిని రేడియేటర్ వైపు నుంచి 1, 2, 3, 4 వరసలో గుడ్డ మీద పేర్చాలి. వరస తప్పితే సాక్ష్యం పోయినట్టే.

ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి ఇలా పేర్చిన నాలుగింటిని చూడటం ఒక పాఠం. ఆయన ముందు రంగు చూడడు, జతలు చూస్తాడు. బీ-సిరీస్ హెడ్డులో గాలి లోపలికి పోయే దారులు నాలుగు కాదు, రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు ఇంకొకటి. ఆ రోజు 1, 2 లేత గోధుమ రంగులో ఉన్నాయి, 3, 4 సున్నం కొట్టినట్టు తెల్లగా. "కార్బ్యురేటర్ ముట్టుకోకండి సార్, వెనక మానిఫోల్డ్ ప్యాకింగ్ గాలి పీలుస్తోంది" అన్నాడు. అదే అసలు కారణం. గాలి ఎక్కువై పెట్రోలు పలచబడితే మంట వేడి పెరుగుతుంది, ముక్కు తెల్లబడుతుంది. ఒక్క ప్యాకింగు మార్చడంతో తీరింది. కొత్త ప్లగ్గులు వేసి ఉంటే అవీ నెలకు తెల్లబడేవి.

నాలుగూ ఒకే తీరుగా పొడి మసితో నల్లబడితే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందనో, చోక్ పూర్తిగా వెనక్కి రావడం లేదనో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనో అనుమానించాలి. ఒక్కటే నల్లగా, తడిగా, వేలికి జిడ్డుగా అంటితే ఆ సిలిండరు నూనె తాగుతోంది, రింగులో వాల్వ్ గైడో చూపించాలి. ఒక్కటే తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే ఆ ప్లగ్గుకు రవ్వే అందడం లేదు, దాని లీడూ క్యాపూ చూడాలి. పక్కపక్క 2, 3 రెండూ కుంటుతుంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందేమో కంప్రెషన్ చూడాలి. ఒకటి మాత్రం కడిగినట్టు వింతగా శుభ్రంగా ఉంటే సంబరపడకండి, రేడియేటర్ నీళ్లు ఆ సిలిండరులోకి దిగి ఆవిరై కడుగుతున్నాయేమో చూడాలి.

పాత హ్యాండ్‌బుక్కులు ఆరోగ్యానికి గుర్తుగా చెప్పే చిక్కటి బిస్కెట్ రంగును ఇప్పుడు యథాతథంగా నమ్మకూడదు. ఆ రంగు సీసం కలిపిన పెట్రోలు కాలం నాటిది. మన దేశమంతటా సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది. ఇప్పటి పెట్రోలుతో ఆరోగ్యమైన ముక్కు అంతకంటే పాలిపోయి ఉంటుంది. దానికి తోడు ఇథనాల్ వచ్చింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. కొత్త కారు కంప్యూటరు ఆ తేడా పసిగట్టి ఇంధనం పెంచుకుంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్టు వదిలినంతే వదులుతుంది. కాబట్టి 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుతో పాత కారు తనకు తెలియకుండానే పలచటి మిశ్రమంతో నడుస్తుంది, ప్లగ్గు మరింత తెల్లబడుతుంది. దీనికి మందు చల్లటి ప్లగ్గు కాదు, కార్బ్యురేటర్ సర్దుబాటు. ప్లగ్గు మార్చి కూర్చుంటే వాల్వులు మాడుతూనే ఉంటాయి.

శుభ్రం చెయ్యడానికి ఉప్పుకాగితం, ఇనుప బ్రష్షు రెండూ మన షెడ్డుల్లో అలవాటు. ఎలక్ట్రోడు లోహం వరకు పర్వాలేదు గానీ, సెరామిక్ ముక్కును వాటితో రుద్దకూడదు. ఇనుప బ్రష్షు దాని మీద సన్నటి లోహపు గీతలు వదులుతుంది, అవి మసికంటే మంచి కరెంటు దారులు. ఉప్పుకాగితం గరుకు చేస్తుంది, గరుకు మీద మసి త్వరగా పడుతుంది. పెట్రోలులో నానబెట్టి, మెత్తని ఇత్తడి బ్రష్షుతో మర భాగం, ఎలక్ట్రోడు అంచులు తుడిచి, గాలి కొట్టి ఆరబెడితే చాలు. తర్వాత పాయింట్ ఫైలుతో రెండు ఎలక్ట్రోడుల ముఖాలనూ ఒక్కసారి గీకి అంచులు పదునుచెయ్యండి. పదునైన అంచు దగ్గర క్షేత్రం చిక్కగా ఉంటుంది, రవ్వ సులువుగా దూకుతుంది. అరిగి గుండ్రబడిన ప్లగ్గు సగం రోగం ఈ రెండు నిమిషాల పనితో పోతుంది.

ఆ తర్వాతే సందు. ఫీలర్ గేజులో పాతిక థౌ రేకు తీసి మధ్యకు జార్చాలి. కాస్త పట్టి వదిలినట్టుండాలి, వదులుగా ఊగకూడదు, ఇరుక్కోకూడదు. సర్దాలంటే పక్క ఎలక్ట్రోడునే వంచాలి. మధ్య ఎలక్ట్రోడును ఆసరా చేసుకుని స్క్రూడ్రైవరుతో తోస్తే సెరామిక్‌లో కంటికి కనబడని చీలిక పడుతుంది. కొత్త ప్లగ్గు పెట్టెలోంచి తీసిందైనా సందు కొలవకుండా బిగించకండి. ఒకే నంబరు ప్లగ్గును రకరకాల ఇంజన్లకు అమ్ముతారు, ఫ్యాక్టరీ సందు మన ఇంజన్‌కు సరిపోవాలని లేదు.

బిగింపులో బలం కంటే వేళ్లే ముఖ్యం. పానా పెట్టకముందు చేత్తోనే చివరిదాకా తిప్పాలి. రెండు చుట్లకే బిగుసుకుంటే మర అడ్డం పడిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. కొత్త వాషర్ ఉంటే చేత్తో తగిలాక పానాతో అర చుట్టు, వాడినదైతే చుట్టులో పదో వంతు చాలు. వాషర్ నలిగి హెడ్డుకు అతుక్కుంటేనే ప్లగ్గు వేడి హెడ్డులోకి దిగుతుంది. వదులుగా బిగిస్తే సరైన వేడి సంఖ్య ఉన్న ప్లగ్గు కూడా ఎర్రబడుతుంది.

పాత బ్రిటిష్ వంశం కార్లలో ఇంకో చిక్కు. 1950లలో వాటిలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉండేది. తర్వాత ఎవరో దాన్ని నెగెటివ్ ఎర్త్‌గా మార్చి, కాయిల్ మీది రెండు చిన్న తీగలు మార్చడం మరిచిపోతారు. వేడిగా ఉన్న లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటపడతాయి. ప్లగ్గులో వేడిగా ఉండేది మధ్య ఎలక్ట్రోడు కాబట్టి అది నెగెటివ్‌గా ఉండాలి. తీగలు తిరగబడితే రవ్వ చల్లటి పక్క ఎలక్ట్రోడు నుంచి బయల్దేరాలి, దానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బండి నడుస్తుంది, కానీ పొద్దున్నే స్టార్టింగు బద్ధకం, పికప్ మందం. మీ కారు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలియకపోతే ఇది ఒకసారి చూపించండి. ఖర్చేమీ లేదు, రెండు తీగలు అటూ ఇటూ మార్చడమే.

సుమారు 5,000 కిలోమీటర్లకోసారి తీసి చూసి, తుడిచి, సందు సర్దాలి. 15,000 నుంచి 20,000 మధ్య నికెల్ ప్లగ్గులు నాలుగూ కలిపి మార్చాలి. పాయింట్ల సందు 15 థౌ ఉందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే ప్లగ్గుల జోలికి వెళ్లాలి. తీసిన పాతవాటిలో పనికొచ్చే రెండింటిని గుడ్డలో చుట్టి, ఫీలర్ గేజుతో, ప్లగ్ పానాతో కలిపి డిక్కీలో ఉంచుకోండి. ఈసారి మెకానిక్ ప్లగ్గులు మార్చాలంటే, మార్చే ముందు నాలుగింటినీ వరసగా పేర్చి ఫోటో తీయించుకోండి, కిలోమీటర్ల అంకెతో సహా.